డేర్‌డెవిల్ సంపుటాలు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

డేర్‌డెవిల్ కామిక్స్ కొందామని చూసినవాళ్లకు ముందు కనబడేది పుస్తకాల వెన్నుమీది అంకెలు. 1, 2, 3 అని ఉంటాయి కాబట్టి ఒకటో సంపుటం నుంచి వరసగా కొనుక్కుపోతే సరిపోతుందనిపిస్తుంది. ఈ సిరీస్ విషయంలో అలా కొంటే డబ్బు దండగ. 1964లో స్టాన్ లీ, బిల్ ఎవరెట్ మొదలుపెట్టిన ఈ కామిక్ ఆరు దశాబ్దాలుగా ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు చేతులు మారుతూ వస్తోంది. ఒక జట్టు చేతిలో నేరకథల్లోనే మేటి అనిపించుకున్న సిరీస్, కొన్నేళ్లు తిరిగేసరికి చదవబుద్ధి కాని స్థితికి జారిపోయింది. పైగా ఈ ఎగుడుదిగుడు ఒకే అట్టల మధ్య కూడా ఉంటుంది. మొదటి సగం అద్భుతంగా సాగిన సంపుటం రెండో సగంలో చతికిలబడుతుంది. కొన్నిసార్లు ఇది తారుమారవుతుంది.

అందుకే ఇక్కడ లెక్క సంపుటాలతో వేయకూడదు, రచయిత–చిత్రకారుడు జంటలతో వేయాలి. ఏ జంట ఏ సంచిక నుంచి ఏ సంచిక దాకా పనిచేసిందో తెలిస్తే, ఏ సంపుటంలో మీ డబ్బుకు తగ్గ సరుకు ఎంతుందో వేళ్లమీద చెప్పొచ్చు.

కథ తెలియనివారికి రెండు మాటలు. మ్యాట్ మర్డాక్ న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్‌లో లాయరు, ఓ బాక్సర్ కొడుకు. చిన్నప్పుడు రేడియోధార్మిక పదార్థం కళ్లలో పడి చూపు పోయింది, మిగతా ఇంద్రియాలు పదునెక్కాయి. పగలు కోర్టులో వాదిస్తాడు, రాత్రి ఎర్ర ముసుగు వేసుకుని ఇళ్ల కప్పులమీద తిరుగుతాడు. చట్టాన్ని నమ్ముకున్నవాడే చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడం ఈ కథకు మూలం. ఆ పీటముడిని గట్టిగా పట్టుకున్న జట్ల పుస్తకాలు నిలిచాయి. వదిలేసిన జట్ల పుస్తకాలు మామూలు ముసుగువీరుల కొట్లాటలుగా మిగిలాయి.

ముందు సంచిక నంబర్ల సంగతి

సంపుటం కొనేముందు అందులో ఏ సంచికలున్నాయో చూడాలి. ప్రచురణ వివరాల పేజీలోనో వెనక అట్టమీదో చిన్న అక్షరాల్లో ఆ వరుస ఉంటుంది. అయితే డేర్‌డెవిల్‌లో ఏడో సంచిక అంటే ఒకటి కాదు. 1965లో వాలీ వుడ్ గీసిన ఏడో సంచికలోనే పసుపు దుస్తులు పోయి ఎర్ర దుస్తులు వచ్చాయి. మార్క్ వెయిడ్ రాసిన ఏడో సంచిక 2012లో ఉత్తమ విడి సంచికగా, కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డు తెచ్చుకుంది. రెండింటికీ పేరొకటే, నంబరొకటే.

మొదటి వరుస 1998లో 380తో ఆగింది. అదే ఏడాది మళ్లీ 1 నుంచి మొదలై 119 దాకా నడిచింది. 380కి 119 కలిపితే 499 కాబట్టి తర్వాతి సంచికకు 500 అని వేసి, 512 దాకా లాగి ఆపారు. 2011లో మళ్లీ 1 వేసి 36 సంచికలు, 2014లో ఇంకో 1 వేసి 18, 2015లో మరో 1 వేసి 28 తెచ్చారు. ఇవన్నీ 512కు కలిపితే 594. అందుకే 28 తర్వాత హఠాత్తుగా 595 వస్తుంది. మధ్యలో వందల సంచికలు మనకు దొరకలేదేమో అని కంగారు పడనక్కర్లేదు, అది కూడిక మాత్రమే. 612 తర్వాత 2019లో ఒకసారి, 2022లో ఇంకోసారి, 2023లో మరోసారి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టారు. కాబట్టి పాత పుస్తకాల దుకాణంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ సంచిక నంబరు ఒక్కటే చూసి కొనొద్దు. సంవత్సరం, రచయిత పేరు కూడా సరిచూసుకోండి.

ఒకే పుస్తకంలో ఎగుడుదిగుడు ఎందుకొస్తుంది

నెలనెలా వచ్చే కామిక్‌లో ఇరవై, ఇరవైరెండు పేజీలుంటాయి. మంచి చిత్రకారుడు రోజుకొక పేజీ గీయడమే గొప్ప. ఒక్క వారం వెనకబడితే ప్రచురణకర్త వేరొకరిచేత గీయించి నెల గట్టెక్కిస్తాడు. విడి సంచికగా చదివినప్పుడు అది పెద్దగా పట్టింపు ఉండదు. సంపుటంలో మాత్రం ఇరవై పేజీలు దాటగానే అదే మనిషి ముఖం మారిపోయి, వెలుగునీడలు మారిపోయి, కథలోంచి బయటికి విసిరేసినట్టవుతుంది.

రెండో కారణం క్రాసోవర్లు. కంపెనీ మొత్తం కలిసి నడిపే పెద్ద కథ వచ్చినప్పుడు ఈ సిరీస్ కూడా ఒకటి రెండు సంచికలు దానికి అప్పగించాలి. సంపుటంలో అవి మొదలూ తుదీ లేకుండా మధ్యలో తేలతాయి, ఎందుకంటే అసలు కథ వేరే పుస్తకంలో ఉంటుంది.

మూడోది సంపుటం కట్టే పద్ధతి. ఎపిక్ కలెక్షన్ వరసలో కాలక్రమం ప్రకారం నాలుగైదు వందల పేజీలు కత్తిరించి కడతారు. రచయిత ఎక్కడ మొదలుపెట్టాడు, ఎక్కడ ముగించాడన్నది అక్కడ ముఖ్యం కాదు. మొట్టమొదటి ఎపిక్ సంపుటమే చూడండి. 1 నుంచి 21 సంచికలున్న ఆ పుస్తకంలో మొదటిది ఎవరెట్, 2 నుంచి 4 జో ఆర్లాండో, 5 నుంచి 11 వాలీ వుడ్ (చివర్లో బాబ్ పావెల్ చెయ్యి కూడా పడింది), 12 నుంచి 19 జాన్ రొమీటా, చివరి రెండూ జీన్ కోలన్. ఇరవై ఒక్క సంచికల్లో ఇంతమంది. చరిత్ర మీద ఆసక్తి ఉంటే అదొక పండగే. కథ కోసం చదివేవారు దాన్ని చివరికి ఉంచుకోవాలి.

మిల్లర్, జాన్సన్: మొదటి సంపుటాన్ని చూసి నిరాశపడొద్దు

ఫ్రాంక్ మిల్లర్ 158వ సంచికతో, 1979లో, చిత్రకారుడిగా వచ్చాడు. రచన కూడా అతని చేతికొచ్చింది 168లో, అంటే 1981లో. మ్యాట్ పాత ప్రేయసి, కిరాయి హంతకురాలు అయిన ఎలెక్ట్రా పాత్ర పుట్టింది ఆ సంచికలోనే. 191 దగ్గర అతను ఆపాడు. అతని పెన్సిల్ బొమ్మలమీద ఇంకు గీతలు గీసింది క్లౌస్ జాన్సన్. ఈ వరుస మూడు పేపర్‌బ్యాక్‌లుగా దొరుకుతుంది.

చాలామంది మోసపోయేది మొదటిదాని దగ్గరే. అందులో 158 నుంచి 161, 163 నుంచి 172 సంచికలున్నాయి. 162 లేకపోవడం అచ్చుతప్పు కాదు, అది స్టీవ్ డిట్కో గీసిన వేరే సంచిక. ఉన్న పద్నాలుగింటిలో మొదటి తొమ్మిదింటిలో మిల్లర్ బొమ్మలే తప్ప రచన అతని చేతిలో లేదు, అది ఎక్కువగా రోజర్ మెకెంజీది. బొమ్మల్లో చురుకు కనబడుతుంది, కథ మాత్రం డెబ్బైల నాటి మామూలు పద్ధతిలో సాగుతుంది. పాత్ర తను చేస్తున్న పనినే నోటితో చెబుతూ ఉంటుంది. ‘గొప్ప మిల్లర్ అంటే ఇదేనా’ అని ఇక్కడే పుస్తకం మూసేసేవారుంటారు. అలా మూయకండి. చేతిలో ఉంటే 168కి వెళ్లిపోండి. ఇంకా కొనకపోతే రెండో సంపుటంతో మొదలుపెట్టండి.

173 నుంచి 184 సంచికలున్న ఆ రెండోదే ఈ మూడింటిలో మేలిమి. కిరాయి హంతకుడు బుల్స్‌ఐ, ఎలెక్ట్రా, నేర ముఠాల నాయకుడు కింగ్‌పిన్ ముగ్గురి దారులూ 181వ సంచికలో కలుసుకుంటాయి. ఆ సంచికలో మాటలు లేని పేజీలను నెమ్మదిగా చూడండి. ప్యానెళ్లు (పేజీలోని బొమ్మల గడులు) నిలువుగా సన్నబడుతూ, అడ్డంగా సాగుతూ, చదివే వేగాన్ని తామే నిర్ణయిస్తాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు నేరకథల కామిక్స్ ఈ పేజీల దగ్గరే పాఠం నేర్చుకున్నాయి.

మూడో సంపుటంలో (185 నుంచి 191) మిల్లర్ గీత పలచబడుతుంది. అతను పేజీకి చట్రం మాత్రం వేసిస్తే మిగతా బొమ్మ జాన్సన్ పూర్తిచేసిన సంచికలు ఇందులో ఎక్కువ. గీత గరుకుగా ఉంటుంది గానీ చెడిపోలేదు. కథలో మధ్య భాగం హ్యాండ్ అనే నింజా ముఠా చుట్టూ తిరిగి కాస్త సాగుతుంది. టెర్రీ ఆస్టిన్ ఇంకు చేసిన 191వ సంచిక ఒక్కటీ ఆ సంపుటం ధరను చాలావరకు రాబడుతుంది. ఆసుపత్రి గది, మంచం మీద కదల్లేని శత్రువు, ఎదురుగా రివాల్వర్ పట్టుకున్న మ్యాట్. మొత్తం కథ అంతే.

ఒక సాంకేతిక విషయం. ఈ సంచికలు మొదట న్యూస్‌ప్రింట్ కాగితం మీద చుక్కల రంగులతో అచ్చయ్యాయి. ఆ కాగితం రంగును పీల్చి మెత్తబరిచేది. ఇప్పటి నున్నటి తెల్ల కాగితం మీద అదే ఎరుపు, అదే పసుపు కళ్లలో గుచ్చుకుంటాయి. మెరుపు తక్కువ ఉన్న కాగితం మీద వేసిన ముద్రణ దొరికితే దాన్నే ఎంచుకోండి. తెరమీద చదివితే వెలుతురు తగ్గించుకోండి.

ఒక్కటే కొంటే బోర్న్ అగైన్

227 నుంచి 233. 1986. తిరిగొచ్చిన మిల్లర్ రచన, డేవిడ్ మజ్జుకెల్లి బొమ్మలు. ఏడు సంచికలకూ ఒకే రచయిత, ఒకే చిత్రకారుడు, ఒకే కథ. ఈ సిరీస్‌లో ఎగుడుదిగుడు దాదాపుగా లేని పుస్తకం ఇదొక్కటే అనొచ్చు. డేర్‌డెవిల్ అసలు పేరు కింగ్‌పిన్‌కు తెలుస్తుంది. అతను చంపడు. బ్యాంకు ఖాతా, లాయరు లైసెన్సు, ఇల్లు, ఒక్కొక్కటే లాగేసుకుంటాడు. తొలి సంచికల్లో పడుకుని ఉన్న మ్యాట్‌ను పైనుంచి చూపించే పెద్ద బొమ్మలు వస్తాయి. సంచిక మారేకొద్దీ అతను పడుకున్న చోటు ఎలా మారిందో చూడండి, కథ సగం అక్కడే ఉంది.

లోపం లేకపోలేదు. చివరి రెండు సంచికల్లో న్యూక్ అనే సైనికుడు, కెప్టెన్ అమెరికా ప్రవేశించి కథ గల్లీలోంచి దేశ రాజకీయంలోకి దూకుతుంది. మొదటి ఐదింటి ఇరుకూ ఉక్కపోతా అక్కడ సడలిపోతాయి. అయినా పుస్తకం బలం తగ్గదు.

ఓటీటీలో 2025లో వచ్చిన సిరీస్‌కూ ఇదే పేరుంది గానీ ఆ కథ ఇది కాదు. సిరీస్‌లో చూసిన, వైట్ టైగర్ అనే ముసుగువీరుడి కోర్టు కేసు బ్రయాన్ మైకేల్ బెండిస్ రాసిన సంచికల్లోంచి వచ్చింది. మేయర్ ఫిస్క్ (అంటే కింగ్‌పినే), మ్యూజ్ అనే హంతకుడు చార్ల్స్ సూల్ రాసిన సంచికల్లోవాళ్లు. సిరీస్ నచ్చి, చూసిందే కాగితం మీద దొరుకుతుందని బోర్న్ అగైన్ కొనొద్దు. అది దానికదే చదవాల్సిన పుస్తకం.

నొసెంటి: ఒక ఎపిక్ వదిలి తర్వాతిది

మిల్లర్ వెళ్లాక వచ్చిన ఆన్ నొసెంటికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. అణుబాంబు భయం నుంచి ఆడవాళ్ల మీద హింస దాకా ఆమె ఇందులోకి తెచ్చింది. కాకపోతే ఆమె సంచికలున్న మొదటి ఎపిక్ సంపుటం (234 నుంచి 252) బొమ్మల విషయంలో అతుకుల బొంత. డిట్కో, బ్యారీ విండ్సర్-స్మిత్, టాడ్ మెక్‌ఫార్లేన్ లాంటి పెద్ద పేర్లు కనబడతాయి గానీ వచ్చినవారు వచ్చినట్టే పోతారు. జాన్ రొమీటా జూనియర్ కుదురుకునేది 250 దగ్గర. అంటే 19 సంచికల్లో స్థిరమైన జంట పని మూడే. తర్వాతి ఎపిక్, టైఫాయిడ్ మేరీ కథ ఉన్నది (253 నుంచి 270), నిశ్చింతగా కొనొచ్చు. రొమీటా పెన్సిల్ మీద ఆల్ విలియమ్సన్ సన్నటి ఇంకు గీత చూడముచ్చటగా ఉంటుంది. ఇందులో ఇన్ఫెర్నో అనే క్రాసోవర్ సంచికలు కూడా ఉన్నాయి. అయితే వాటిని నొసెంటి తన కథలోకే వంచుకుంది. నగరం నరకంగా మారడాన్ని అప్పటికే నలిగిపోయి ఉన్న మ్యాట్ మానసిక స్థితికి ముడిపెట్టింది. క్రాసోవర్ అనగానే పక్కన పడేయకూడదనడానికి ఈ పుస్తకమే ఉదాహరణ.

తొంభైల సంచికలు వదిలేయండి. లాస్ట్ రైట్స్ (297 నుంచి 300) ఒక్కటి మినహాయింపు, కింగ్‌పిన్ పతనానికి అది గట్టి ముగింపు. కవచం దుస్తులు వచ్చిన ఫాల్ ఫ్రమ్ గ్రేస్ (319 నుంచి 325)లో అతిథి పాత్రలు ఎంత ఎక్కువంటే కథ ఎవరిదో తెలియదు.

బెండిస్, మలీవ్: అందరూ సలహా ఇచ్చేదీ, అందులోని హెచ్చుతగ్గులూ

‘ఎక్కడ మొదలుపెట్టాలి’ అని అడిగితే ఎక్కువమంది చెప్పేది బ్రయాన్ మైకేల్ బెండిస్, అలెక్స్ మలీవ్ జంట. 1998లో మొదలైన వరుసలో 26 నుంచి 50, 56 నుంచి 81 సంచికలు వీళ్లవి, కాలం 2001 నుంచి 2006. 2003లో ఉత్తమ ధారావాహికగా ఐస్నర్ వచ్చింది. సలహా మంచిదే. అయితే మొత్తం ఒకే ఎత్తున ఉందనుకుని మూడు పుస్తకాలూ ఒకేసారి కొంటే, మధ్యలో ఎక్కడో చదవడం ఆగిపోయే ప్రమాదం ఉంది.

అల్టిమేట్ కలెక్షన్ పేరుతో ఉన్న మూడు లావుపాటి పేపర్‌బ్యాక్‌ల లెక్క ఇది. మొదటిదాంట్లో 16 నుంచి 19, 26 నుంచి 40, మొత్తం 19 సంచికలు. రెండోదాంట్లో 41 నుంచి 50, 56 నుంచి 65, మొత్తం 20. మూడోదాంట్లో 66 నుంచి 81, మొత్తం 16. మధ్యలో లేని 51 నుంచి 55 డేవిడ్ మాక్ ఒక్కడే రాసి గీసిన ఎకో కథ. రంగులు అద్ది, కాగితాలు అతికించి చేసిన ఆ బొమ్మలు అందంగా ఉంటాయి గానీ ప్రధాన కథ ఆ ఐదింటిలో ముందుకు కదలదు. అవి లేకపోయినా ఏమీ తెగిపోదు. ఇదే వరుసలోని 20 నుంచి 25 కూడా వీళ్లవి కావు, వాటి కోసం వెతకొద్దు.

మొదటి పుస్తకం తెరవగానే వచ్చే 16 నుంచి 19, బెండిస్ కథకు మాక్ బొమ్మలు. మాటలు మానేసిన ఓ పిల్లాడి కథ, విడిగా చదువుకునేది, మెత్తగా ఉంటుంది. అసలు పరుగు (అంటే ఈ జంట వరసగా చేసిన సంచికలు) 26తో మొదలవుతుంది. 26 నుంచి 31 దాకా కథను ముందుకూ వెనక్కూ తిప్పి చెబుతారు. ఏ సంఘటన ముందు, ఏది తర్వాత అన్నది మొదటిసారి చదివేటప్పుడు తికమక పెడుతుంది. ప్యానెల్ మూలన ఉండే కాల సూచనలను వదలకుండా చదవండి, అంతా కుదురుతుంది. 32 నుంచి 37 ఈ పరుగుకు శిఖరం. మ్యాటే డేర్‌డెవిల్ అని ఓ పత్రిక మొదటి పేజీలో వేసేస్తుంది. చూపులేని లాయరు ఇంటి ముందు కెమెరాలు, పత్రికమీద దావా వేయాలా వద్దా అన్న తర్జనభర్జన, నిజాన్ని అబద్ధమని కోర్టులో చెప్పాల్సిన పరిస్థితి. ముసుగు జారిపోతే ఏమవుతుందన్న ప్రశ్నను చట్టం వైపు నుంచి ఇంత ఓపిగ్గా తవ్విన కామిక్ ఇంకోటి దొరకడం కష్టం.

వెంటనే వచ్చే వైట్ టైగర్ విచారణ (38 నుంచి 40) మంచి కథే. కానీ మలీవ్ గీయలేదు. మురికి గోడల్లాంటి అతని నలుపుకు అలవాటుపడిన కళ్లకు ఇక్కడి నున్నటి గీత పరాయిగా అనిపిస్తుంది. ఈ మూడింటిని వేరే పుస్తకం అనుకుని ఒక రోజు ఆగి చదివితే బాగుంటుంది.

రెండో పుస్తకం ముందుభాగం (41 నుంచి 45) నెమ్మది. మ్యాట్ జీవితంలోకి ప్రేయసి మిల్లా వచ్చేది ఇక్కడే కాబట్టి దాటేయకూడదు. 46 నుంచి 50 మళ్లీ ఎగసిపడుతుంది. ఆ యాభయ్యో సంచికలో మ్యాట్, కింగ్‌పిన్‌ల కొట్లాటను జీన్ కోలన్, జాన్ రొమీటా, క్లౌస్ జాన్సన్ వంటి పాత డేర్‌డెవిల్ చిత్రకారులు కూడా కొంత కొంత గీశారు. చిత్రకారులు మారితే చెడిపోతుందని పైన చెప్పాం గానీ, ఇక్కడ మారడమే కథ. ఇద్దరు మనుషుల మధ్య ఏళ్లనాటి పగ ఆ గీతల మార్పులోనే కనబడుతుంది. 56తో కథ ఏడాది ముందుకు దూకుతుంది. ఆ ఏడాదిలో ఏం జరిగిందో తర్వాత నెమ్మదిగా చెబుతారు, పేజీలు తప్పిపోయాయనుకోవద్దు. 61 నుంచి 64, బ్లాక్ విడో వచ్చేది, కాలక్షేపం.

మూడో పుస్తకంలోనే హెచ్చుతగ్గులు ఎక్కువ. 66 నుంచి 70లో మూడు కాలాలు ఉంటాయి, ఒక్కో కాలానికి ఒక్కో రంగుల పద్ధతి వాడారు. ఒకటి నలుపు తెలుపు, ఒకటి పాత కామిక్‌లలాగా చుక్కల రంగు, ఒకటి ఇప్పటి రంగు. పేజీ చూడగానే ఏ కాలమో తెలుస్తుంది. చూడదగ్గ పని అది. తర్వాతి ఐదు (71 నుంచి 75) ఈ జంట చేసిన వాటిలో అన్నిటికంటే బలహీనం. చర్చి నేలమాళిగలో కూర్చుని ఒక్కొక్కరూ తమ అనుభవం చెబుతారు. ఎత్తుగడ బాగుంది గానీ మధ్యలో అతీంద్రియ వ్యవహారం దూరి, ఇంతవరకూ నిలబెట్టిన వీధి వాస్తవాన్ని పాడుచేసింది. చివరి ఆరు (76 నుంచి 81) మళ్లీ బిగువుగా సాగి, కథను ఎవరూ ఊహించని చోట ఆపుతాయి.

బెండిస్ రాతలో ఒక గుణం కొందరికి నచ్చదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే సగం సగం వాక్యాలు, మళ్లీ మళ్లీ అవే మాటలు, పేజీ నిండా చిన్న చిన్న ప్యానెళ్లలో ఒకే ముఖం. నెలకు ఇరవై పేజీలుగా చదివినవారికి అది విసుగే. సంపుటంగా చదివితే ఒక్క రాత్రిలో నాలుగు సంచికలు దాటతారు కాబట్టి ఆ నెమ్మది అంతగా బాధించదు. ఈ పరుగు సంపుటంలో చదివితేనే బాగుంటుందని గట్టిగా చెప్పొచ్చు.

ఇంకో ఇబ్బంది కట్టుబడిది. ఎదురెదురు రెండు పేజీలకు అడ్డంగా ప్యానెళ్లు పరచడం ఈ జంటకు అలవాటు. లావుపాటి పేపర్‌బ్యాక్‌లో మధ్య మడతలోకి సంభాషణ దూరిపోతుంది, ఎడమ పేజీ కిందిదాకా చదవాలా, కుడి పేజీలోకి దాటాలా అన్నది తెలియదు. గుర్తు ఇది: పై వరుసలో ఏ ప్యానెలైనా మడత దాటి ఉంటే ఆ రెండు పేజీలనూ ఒకే పేజీగా, ఎడమ నుంచి కుడికి చదవండి.

బ్రూబేకరా, వెయిడా

మలీవ్ ఆపిన చోటే ఎడ్ బ్రూబేకర్, మైకేల్ లార్క్ అందుకున్నారు (82 నుంచి 119, ఆపై 500). వీళ్లవీ మూడు అల్టిమేట్ పుస్తకాలు. మొదటిది (82 నుంచి 93) కొనండి. జైలు కథ అయిన మొదటి ఆరు సంచికలు బెండిస్ ముగింపుకు సరైన జవాబు. మ్యాట్ స్నేహితుడూ తోటి లాయరూ అయిన ఫాగీ నెల్సన్ మీద డేవిడ్ ఆయా గీసిన 88వ సంచిక ఒక ఊరట. రెండో పుస్తకం (94 నుంచి 105) పేజీ పేజీకీ దుఃఖమే, మధ్యలో గాలి ఆడదు. రంగులు కూడా చాలా ముదురు, దీపం వెలుతురు చాలకపోతే బొమ్మ కనబడదు. మూడోదాంట్లో గ్రెగ్ రక్కాతో కలిసి రాసిన 107 నుంచి 110 చక్కటి డిటెక్టివ్ కథ, 116 ఇంకా బాగుంటుంది. కానీ 500 ముగింపు తలుపు తెరిచి వదిలేస్తుంది, ఆ తలుపు షాడోల్యాండ్ అనే క్రాసోవర్‌లోకి పోతుంది. అటు వెళ్లొద్దు. 500 దగ్గర పుస్తకం మూసి వెయిడ్‌కు వచ్చేయండి.

మార్క్ వెయిడ్ 2011లో దుఃఖాన్ని పక్కనబెట్టి మ్యాట్‌ను నవ్వించాడు. పావొలో రివేరా, మార్కోస్ మార్టిన్ కలిసి మ్యాట్ ‘చూపు’ను బొమ్మలో పెట్టిన తీరు కొత్తది. శబ్దం, వాసన, దూరం అన్నీ గులాబీ గీతలుగా, అక్షరాలుగా గాలిలో తేలుతుంటాయి. పిల్లలకు ఇవ్వాలన్నా, చీకటి కథలు పడనివారికి ఇవ్వాలన్నా ఇదే సరైన ప్రవేశం. మొదటి సంపుటం (1 నుంచి 6) కళ్లు మూసుకుని కొనొచ్చు, ముందు కథలేవీ తెలియక్కర్లేదు. రెండో సంపుటం అతుకులది: 7, 9, 10 రివేరా, 8 కానో, 10.1 ఖోయ్ ఫామ్, పైగా ఒక స్పైడర్‌మ్యాన్ సంచిక. అవార్డు పొందిన ఏడోది అందులోనే ఉంది కాబట్టి దాన్ని తప్పించుకోలేం. మూడోదాంట్లో పనిషర్, స్పైడర్‌మ్యాన్ సంచికలతో అల్లిన క్రాసోవర్ ఉంది, మూడు భాగాలూ పుస్తకంలోనే ఉన్నాయి. 12వ సంచికతో క్రిస్ సామ్నీ వచ్చాక పరుగు కుదురుకుంటుంది. 22 నుంచి 27 ఉన్న అయిదో సంపుటం దీని శిఖరం, మొదటి సంచిక నుంచి కనబడకుండా తరుముతున్నది ఎవరో అక్కడ తేలుతుంది. సంపుటాలు విడివిడిగా ఏరుకోవడం కష్టం కాబట్టి ఇక్కడ మాత్రం లావు పుస్తకమే లాభం.

సూల్ (2015 నుంచి 2018) విషయంలో మొత్తం వద్దు. ముసుగు వేసుకున్నవారు కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చా అన్న వ్యాజ్యం అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లే కథ (21 నుంచి 25) న్యాయశాస్త్రం ఇష్టమైనవారికి విందు. చిప్ జ్డార్‌స్కీ, మార్కో చెక్కెట్టో (2019 నుంచి 2023) ఇటీవలి జట్లలో మేలైనది. మొదటి పది సంచికలూ కలిపిన గట్టి అట్ట పుస్తకంతో మొదలుపెడితే మంచిది, ఎందుకంటే ఒంటరిగా మొదటి ఐదూ ప్రశ్న వేసి ఆపేస్తాయి. 6 నుంచి 9 గీసింది మన దేశపు చిత్రకారుడు లలిత్ కుమార్ శర్మ. చెక్కెట్టో మెరుపు తర్వాత ఆ గీత మొరటుగా అనిపించొచ్చు గానీ, ముసుగు తీసేసి మామూలు మనిషిగా తిరిగే మ్యాట్‌కు అది నప్పింది. 26, 27 మరో క్రాసోవర్‌కు పోయాయి. 36 తర్వాత డెవిల్స్ రెయిన్ అనే ఆరు సంచికల కథ చదివాకే 2022 వరుస ఒకటో సంచికకు వెళ్లండి. లేకపోతే సగం అర్థం కాదు.

పేపర్‌బ్యాకా, ఓమ్నిబసా

ధరను మొత్తం సంచికలతో భాగించొద్దు. మీరు చదవదలచుకున్న సంచికలతో భాగించండి. ఉదాహరణకు మిల్లర్ మొదటి పేపర్‌బ్యాక్‌ను పద్నాలుగుతో భాగిస్తే చవక, అతను రాసిన ఐదుతో భాగిస్తే దాదాపు మూడు రెట్లు. ఓమ్నిబస్ (చాలా సంచికలు కలిపి కట్టిన లావుపాటి గట్టి అట్ట పుస్తకం) కొంటే అదే బలహీన భాగం అదనపు సరుకుగా వస్తుంది, బాధ ఉండదు. అందుకే మిల్లర్‌కు, వెయిడ్‌కు ఓమ్నిబస్ సరైనది. బెండిస్‌కు అల్టిమేట్ మొదటి పుస్తకం చదివి, నచ్చితే మిగతావి. బ్రూబేకర్‌కు పేపర్‌బ్యాక్ చాలు. మిల్లర్ ఓమ్నిబస్‌లో బోర్న్ అగైన్ ఉండదు, అది ‘కంపానియన్’ పేరుతో ఉన్న రెండో ఓమ్నిబస్‌లో ఉంది.

ఒక సంపుటం ముద్రణ ఆగిపోయిందంటే ఆన్‌లైన్‌లో ధర రెండింతలు, మూడింతలు అవుతుంది. ఆత్రపడొద్దు. డేర్‌డెవిల్‌లో పేరున్న పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంటాయి, కొన్నిసార్లు వేరే కట్టుబడిలో. హైదరాబాద్ కామిక్ కాన్‌లో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత విడి సంపుటాలు తగిలితే ముందు సంచికల వరుస చూడండి. మీ దగ్గరున్న లావు పుస్తకంలో అవే ఉండే అవకాశం ఎక్కువ.

పార్సిల్‌లో ఓమ్నిబస్ వచ్చినప్పుడు అట్ట మూలలు నలిగాయో లేదో, వెన్ను దగ్గర పుస్తకం అట్ట నుంచి ఊడుతోందో లేదో తెరిచిన రోజే చూడాలి. రెండు కిలోలు దాటే పుస్తకం పెట్టెలో అటూ ఇటూ కదిలితే ముందు దెబ్బతినేది ఆ రెండు చోట్లే. మొదటిసారి నడిమధ్యకు విరిచి తెరవొద్దు. బల్లమీద వెన్ను ఆనించి నిలబెట్టి, ముందు వైపు ఇరవై పేజీలు, వెనక వైపు ఇరవై పేజీలు, మళ్లీ ముందు వైపు, ఇలా మార్చి మార్చి దించుతూ మధ్యకు రండి. అరలో వాలుగా పెడితే లోపలి కట్ట బరువుకు కిందికి జారి అట్టను లాగేస్తుంది, కాబట్టి పక్క పుస్తకాల మధ్య నిటారుగా, బిగువుగా నిలబెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం నున్నటి కాగితం ఒకదానికొకటి అంటుకుంటుంది. గోడకు ఆనకుండా రెండు వేళ్ల ఖాళీ వదిలి, అరలో సిలికా జెల్ సంచులు వేసి, నెలకోసారి పేజీలు గాలికి తిప్పండి.